ఓటో డిక్స్ ‘జర్నలిస్టు సిల్వియా ఫాన్ హార్డెన్’: సగం కొలతలో ఒక నకలు, పని డైరీ

నవంబరు

జర్మన్ చిత్రకారుడు ఓటో డిక్స్ 1926లో వేసిన ‘జర్నలిస్టు సిల్వియా ఫాన్ హార్డెన్’ రూపచిత్రానికి సగం కొలతలో ఒక నకలు వేయాలని నిర్ణయించుకున్నాను. అసలు చిత్రం కొయ్యపలక మీద టెంపెరా (ఇక్కడ గుడ్డు కలిపి చేసే రంగు), తైలవర్ణాలు రెండూ వాడి వేసినది; దాని ఎత్తు 121 సెంటీమీటర్లు, వెడల్పు 89. 1961లో పారిస్‌లోని జాతీయ ఆధునిక కళా మ్యూజియం దాన్ని సేకరించింది; ఆ మ్యూజియం తరువాత పాంపిడూ సెంటర్ భవనంలోకి మారింది. ఆ భవనాన్ని పునరుద్ధరణ కోసం 2025లో మూసివేశారు కాబట్టి, 2030 దాకా ఆ గోడల మీద దాన్ని చూసే వీలు లేదు. అందుకని విశాఖపట్నంలోని నా గదిలో మంచి అచ్చు ప్రతులను ముందు పెట్టుకుని పని చేస్తున్నాను.

చిత్రాన్ని చూడని వారి కోసం అందులో ఉన్నదేమిటో చెబుతాను. గులాబీ రంగు గోడలు కలిసే మూలలో, గుండ్రని పాలరాతి బల్ల దగ్గర, ఒక స్త్రీ ఒంటరిగా కూర్చుని ఉంటుంది. జుట్టు చెవుల దగ్గరికి కత్తిరించి ఉంటుంది. ఒక కంటికి మోనకుల్, అంటే ఒంటి కళ్లద్దం, బిగించి ఉంటుంది. మెడ మొత్తాన్ని కప్పే కాలరుతో ఎరుపు నలుపు గళ్ల గౌను తొడుక్కుంది. పొడవాటి వేళ్ల మధ్య సిగరెట్టు, బల్ల మీద కాక్‌టెయిల్ గ్లాసు, సిగరెట్ల పెట్టె, అగ్గిపెట్టె కనిపిస్తాయి. గౌను అంచు కింద ఒక మేజోడు వదులై జారి ఉంటుంది. ఆ చోటు బెర్లిన్‌లో కైజర్ విల్హెల్మ్ స్మారక చర్చి ఎదుట ఉండిన రొమానిషెస్ కఫే; రచయితలు, చిత్రకారులు, పత్రికల వాళ్లు సాయంత్రాలు గడిపిన ఆ కఫే 1943 నాటి బాంబుదాడిలో నాశనమైంది.

సిల్వియా 1894లో హాంబర్గ్‌లో పుట్టింది; అసలు ఇంటిపేరు ఫాన్ హాలె. పత్రికలకు రాసేది, కవిత్వమూ ప్రచురించింది. నాజీలు అధికారానికి వచ్చిన 1933లో ఇంగ్లండ్ చేరి, 1963లో అక్కడే మరణించింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1959లో, ఈ చిత్రం ఎలా పుట్టిందో ఒక జ్ఞాపకాల వ్యాసంలో చెప్పింది. డిక్స్ తనను వీధిలో చూసి, నిన్ను బొమ్మ వేసి తీరాలని పట్టుబట్టాడట. కాంతి లేని కళ్లూ, పొడుగు ముక్కూ, సన్నని పెదవులూ, పొడవాటి చేతులూ, పొట్టి కాళ్లూ, పెద్ద పాదాలూ వేస్తావా అని ఆమె తన లోపాల జాబితాను తానే అతని ముందు పెట్టిందట. ఇంతకంటే బాగా నీ గురించి ఎవరూ చెప్పలేరనీ, స్త్రీ బయటి అందం కాక ఆమె మనఃస్థితే ముఖ్యమైన ఒక కాలానికి ఈ బొమ్మ ప్రతినిధి అవుతుందనీ అతను జవాబిచ్చాడని ఆమె రాసింది. చిత్రాన్ని ఎగతాళి అనేవాళ్లు ఈ జాబితాను మరిచిపోతారు. ఎగతాళి ఉంటే అందులో ఆమెకూ సగం వాటా ఉంది.

ఈ పనికి కూర్చోవడానికి కారణం కూడా అదే. ఈ బొమ్మను వ్యంగ్యచిత్రమని తేల్చేసే మాట చాలాసార్లు విన్నాను, చదివాను. వ్యంగ్యచిత్రం పది గీతల్లో తేలిపోయేది. దానికి కొయ్యపలకా, సుద్దపూతా, ఒకదాని మీద ఒకటి పారదర్శకమైన రంగుపొరలూ ఎందుకు? ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చేత్తో చేసి చూడాలని నా ఉద్దేశం.

డిసెంబరు: పలక, అడుగుపూత

డిక్స్ ఆ సంవత్సరాల్లో అనుసరించిన పద్ధతికి మిశ్రమ పద్ధతి అని పేరు. మ్యూనిక్ అకాడమీలో బోధించిన మాక్స్ డెర్నర్ 1921లో ప్రచురించిన వర్ణ సామగ్రి గ్రంథం జర్మన్ చిత్రకారుల చేతుల్లో బాగా నలిగింది. గుడ్డు కలిసిన టెంపెరాతో వెలుగులను తెల్లగా కట్టి, వాటి మీద నూనె, రెజిన్ (చెట్టు జిగురు) కలిపిన పలుచని రంగును పొరలుగా పరిచి, మళ్లీ టెంపెరాతో వెలుగు ఎత్తడం అందులోని మూలసూత్రం. పదిహేనో శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుల రహస్యం ఇదేనని డెర్నర్ నమ్మాడు. వారిలో ఒకడైన ఫాన్ ఐక్ ప్రధానంగా నూనె మాధ్యమంలోనే పనిచేశాడని తరువాతి శాస్త్రీయ పరీక్షలు చూపించాయి. చరిత్రగా ఆ సిద్ధాంతం నిలవలేదు గానీ, పద్ధతిగా మాత్రం చక్కగా పనిచేస్తుంది. డిక్స్ చిత్రాలే దానికి సాక్ష్యం.

పలక కోసం మెరైన్ ప్లైవుడ్‌ను 60.5 సెంటీమీటర్ల ఎత్తు, 44.5 సెంటీమీటర్ల వెడల్పుకు కోయించాను. కొలత సగమే అయినా వైశాల్యం అసలులో నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, ప్రతి గీతనూ ఎంత సన్నం చేయాలో ముందే ఆలోచించుకోవాలి. పలక కోసిన వడ్రంగి మేస్త్రి అచ్చు ప్రతిని చేతిలోకి తీసుకుని, ఆమె ముఖం వంక చూడకుండా బల్ల కాలి వంపునూ కుర్చీనీ చాలాసేపు పరీక్షించారు. “ఈ కుర్చీలో ఎక్కువసేపు కూర్చోలేరండీ, నడుం పట్టేస్తుంది” అన్నారు. బొమ్మను గురించి ఇంతవరకూ విన్న మంచి వ్యాఖ్యల్లో దాన్నీ ఒకటిగా లెక్కపెడతాను. ఆమె కూర్చున్న తీరులో ఎక్కడా ఆనుకోవడం లేదు.

అడుగుపూతకు జంతు బంక, సుద్దపొడి, జింక్ వైట్ వాడాను. లీటరు నీటికి సుమారు 70 గ్రాముల బంకను రాత్రంతా నానబెట్టి, మరునాడు వేడినీటి గిన్నెలో ఈ గిన్నెను పెట్టి కరిగించాలి. నేరుగా పొయ్యి మీద మరిగిస్తే బంక పట్టు పోతుంది. ముందుగా ఈ బంకనీళ్లనే పలకకు రెండు వైపులా పట్టించాలి. ఒక వైపే పూస్తే పలక ఆ వైపుకు వంగిపోతుంది. తరువాత సుద్ద, జింక్ వైట్, బంకనీళ్లు సమభాగాలుగా కలిపి, వడగట్టి, ఒక పూత అడ్డంగా వేస్తే తరువాతి పూత నిలువుగా వేస్తూ పోవాలి. మొదటి పూతను కుంచెతో గాక అరచేత్తో రుద్దితే గాలిబుడగలు చిట్లిపోతాయి, తరువాత సూదిమొన రంధ్రాలు తేలవు. మా సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. బంకనీళ్లు బయట ఉంటే త్వరగా కుళ్లుతాయి కాబట్టి ఏ రోజుకు ఆ రోజే కలుపుకుని, మిగిలిన బంకను ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంట్లో వాళ్లు దాన్ని చాలా సహనంతో భరించారు.

పూర్తిగా ఆరాక సాండ్ పేపర్‌తో, మొదట గరుకుది, తరువాత నున్ననిది వాడి, పలక చేతికి దంతంలా తగిలేదాకా తోమాను. ఈ నునుపు ఈ పద్ధతికి ప్రాణం. కాన్వాసు నేత గరుకుగా అడ్డు వస్తే జుట్టుపోచ మందాన గీత నిలవదు. నిలవకపోతే ఈ చిత్రంలో ఉన్నదేదీ ఉండదు.

జనవరి: రేఖాచిత్రం

డిక్స్ పెద్ద చిత్రాలకు ముందుగా అదే కొలతలో పూర్తి రేఖాచిత్రం కాగితం మీద తయారు చేసుకుని, దాన్ని పలక మీదికి దించేవాడు. నేనూ అలాగే ట్రేసింగ్ కాగితం మీద గీసి, వెనుక వైపు ఎర్ర కావిపొడి రుద్ది, పలక మీద పరిచి, గట్టి పెన్సిల్ మొనతో గీతల వెంబడి ఒత్తాను. కావి గీతను తరువాతి పొరలు తేలికగా మింగేస్తాయి. గ్రాఫైటు గీత అలా కాదు, ఏళ్లు గడిచాక పైకి తేలే ప్రమాదం ఉంది.

గీసేటప్పుడు తెలిసిన సంగతులు చూసేటప్పుడు తెలిసినవాటి కంటే చాలా ఎక్కువ. గోడల మూల అనే ఒక్క నిలువు గీత గదినంతా నిర్ణయిస్తుంది. ఆ గీతను కొద్దిగా జరిపినా ఆమె మూలలో ఇరుక్కున్నట్టు గాక మామూలుగా గది మధ్యలో కూర్చున్నట్టు అయిపోతుంది. బల్ల పైభాగాన్ని ఆమె కంటి ఎత్తు కంటే చాలా ఎక్కువ ఎత్తు నుంచి చూసినట్టు గీశాడు, అందుకే గ్లాసూ అగ్గిపెట్టే జారిపడతాయేమో అనిపిస్తుంది. ముఖాన్ని మాత్రం దాదాపు ఎదురుగా, సమాన ఎత్తు నుంచి చూశాడు. ఒకే బొమ్మలో రెండు చూపులు ఉన్నాయన్నమాట. చూసేవాడికి కలిగే అసౌకర్యంలో సగం ఈ జ్యామితి నుంచే వస్తుంది, ఆ నింద మాత్రం ఆమె ముఖం మీద పడుతోంది.

చేతుల కొలతను వేరుగా పరీక్షించాను. అవి పెద్దవని అందరూ అంటారు. తప్పు లేదు, పెద్దవే. అయితే ప్రతి కణుపూ సరైన చోటే వంగుతుంది, గోళ్లు సరైన దిశలోనే తిరిగి ఉంటాయి. వ్యంగ్యం కోసం సాగదీసిన చేతిలో ఎముకలు ఎక్కడో ఒకచోట అబద్ధమాడతాయి. ఇక్కడ ఎముకలన్నీ నిజమే చెబుతున్నాయి.

ఫిబ్రవరి: టెంపెరా

ముందుగా పలక అంతటా పలుచని పసుపు కావి పొర ఇచ్చాను. పూర్తి తెలుపు మీద తెల్లని వెలుగు కట్టలేము కాబట్టి ఈ లేత రంగు అవసరం. దాని మీద టెంపెరా. ఒక గుడ్డు తీసుకుని, అదే గుడ్డు పెంకు కొలతగా ఒక పాలు నూనె, డామర్ రెజిన్ వార్నిషు మిశ్రమం, రెండు పాళ్లు నీరు పోసి, సీసాలో గట్టిగా గిలకొట్టాలి. నూనెను కొద్దికొద్దిగా కలిపితేనే పాలలా ఒక్కటవుతుంది. నీరు చివర్లోనే పోయాలి. చెడిపోకుండా లవంగ నూనె చుక్క వేయమని కొందరు చెబుతారు గానీ, అది నూనె ఆరడాన్ని ఆలస్యం చేస్తుంది. నేను రెండు చుక్కల వెనిగర్ వేసి, వీలైనంత తాజాగానే వాడాను.

డిక్స్ కాలపు చిత్రకారులు వాడిన సీసపు తెలుపు విషం. గదిలో పొడిగా కలపడం నాకు ఇష్టం లేదు కాబట్టి టైటానియం తెలుపు తీసుకున్నాను. ఇది కప్పే గుణం ఎక్కువ ఉన్న రంగు, సీసపు తెలుపులో ఉండే లోపలి వెచ్చదనం దీనికి లేదు. అందుకే అతి పలుచగా, ఒంటి వెంట్రుక కుంచెతో సన్నని గీతల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ వెలుగును నెమ్మదిగా ఎత్తవలసి వచ్చింది. టెంపెరా కుంచె మీద ఉండగానే ఆరిపోతుంది. నూనెరంగులా తడిమీద తడి కలిపి మెత్తగా జారవిడవడం కుదరదు. కణతల మీద ఎముక ఉబ్బు, కంటి కింద సంచీ, ముక్కు దూలం, వేలి కణుపులు, గాజు అంచు: వెలుగు పడే ప్రతి చోటునూ విడివిడిగా నిర్ణయించి గీయాలి.

ఈ దశలో బొమ్మ తెల్లని దెయ్యంలా ఉంటుందని ముందే తెలిసినా, ముఖం ఇంత దయగా కనిపిస్తుందని అనుకోలేదు. రంగు లేనప్పుడు ఆమె అలసిపోయిన, తెలివైన, ఏదో మాట మధ్యలో ఆగిన మనిషి. మనకు కఠినంగా తోచేదంతా పైన వచ్చే రంగులో ఉందని ఇక్కడే తెలిసింది.

మార్చి: ఎరుపు

ఇప్పుడు నూనె పొరలు. కొంచెం చిక్కని అవిసె నూనె, డామర్ వార్నిషు, టర్పెంటైన్ కలిపిన మాధ్యమంలో రంగును అద్దం మీద రుద్దినంత పలుచగా పరిచి, అరచేతి మడతతో తట్టి, అక్కర్లేని చోట గుడ్డతో తుడిచేయాలి. కింది టెంపెరా తెలుపు నుంచి తిరిగొచ్చే వెలుగే ఈ రంగుకు లోతు ఇస్తుంది.

ఎర్రటి గౌనుకు మొదట కాడ్మియం ఎరుపు పలుచగా, దాని మీద మాడర్ తరహా ఎరుపు అనుకున్నాను. ఆ తరహా ఎరుపైన అలిజరిన్ వెలుతురుకు క్రమంగా వెలిసిపోతుంది, పలుచని పొరల్లో మరీ త్వరగా. అందుకని క్వినాక్రిడోన్ ఎరుపు వాడాను. ఇది డిక్స్‌కు అందుబాటులో లేని రంగు. 1950ల చివరలో గాని బజారుకు రాలేదు. నకలు విషయంలో పదార్థం పట్ల విధేయత ఎక్కడ ఆపాలో ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. నాకు రంగు నిలవడం ముఖ్యం.

గళ్లను గీస్తుంటే గౌను సంగతి అర్థమైంది. సాధారణంగా చిత్రకారులు గళ్లనూ చారలనూ ఒంటి వంపు చెప్పడానికి వాడుకుంటారు. వస్త్రం ఎక్కడ ఉబ్బితే గడి అక్కడ వంగుతుంది. ఇక్కడ గౌను సంచీలా వేలాడి ఒంటిని దాచేస్తుంది. 1920ల ఫ్యాషన్ నడుమునూ ఛాతీనీ చదును చేసిన మాట నిజమే గాని, డిక్స్ ఆ చదునును ఇంకా ముందుకు తీసుకెళ్లి, మొండెం మొత్తాన్ని ఒక నమూనాగా మార్చి, మనిషినంతా తలలోకీ చేతుల్లోకీ నెట్టాడు. రాసే మనిషికి కావలసినవి ఆ రెండే. దీన్ని అవమానమని నేను చదవలేను.

ఇక గోడ. ఒక్కో అచ్చులో ఒక్కో గులాబీ. ఒకదాంట్లో నారింజ వైపు, మరొకదాంట్లో నీలం వైపు, వేరొక దాంట్లో మట్టి వైపు. ఏది నిజమో అచ్చుల నుంచి తేలదు కాబట్టి వేరే ఆధారం వెతుక్కున్నాను: గౌను ఎరుపూ, పెదవుల ముదురు ఎరుపూ, గోడ గులాబీ మూడూ పక్కపక్కన ఉన్నప్పుడు ముఖం ఆకుపచ్చ బూడిద రంగుగా కనిపించాలి. అసలు చిత్రంలో ఆ ముఖపు పాలిపోయిన తనం కొంతవరకూ చుట్టూ ఉన్న ఎరుపుల వల్ల కంటికి కలిగే భ్రమ. చిన్న చిన్న అట్టముక్కల మీద గులాబీ తేడాలు వేసి, ఒకే బూడిద చర్మపు రంగు పక్కన పెట్టి చూశాను. నారింజ వైపు మొగ్గిన గులాబీ పక్కన చర్మం నీలంగా, జబ్బు చేసినట్టు అయింది. నీలం వైపు మొగ్గిన దాని పక్కన చర్మం పసుపెక్కింది. రెంటికీ మధ్యన, కొంచెం కావి కలిసిన దాన్ని ఎంచుకున్నాను.

ఎరుపు గౌను వెనుక గులాబీ గోడ పెట్టే ధైర్యం గురించి ఒక మాట. అంతకు ముందు ఏడాది, 1925లో, నర్తకి అనీటా బెర్బర్‌ను డిక్స్ ఎర్రటి దుస్తుల్లో ఎర్రటి నేపథ్యం మీద వేశాడు. అది మంట. ఇక్కడ ఎరుపును గులాబీతో చల్లార్చాడు. ఆడతనానికి గుర్తుగా చెప్పుకునే ఆ గులాబీని తెచ్చి, ఆ గుర్తులేవీ ఒంటి మీద మిగలనివ్వని స్త్రీ వెనుక పరిచాడు. చిత్రంలో వెటకారం ఉన్నది ఇక్కడ, ఈ ఎంపికలో అని నా అభిప్రాయం. గీతలో మాత్రం లేదు.

ఏప్రిల్: ముఖం, చేతులు

ఎండలు ముదిరాయి, నూనె పొరలు త్వరగా ఆరుతున్నాయి. అయినా ఒక నూనె పొర చేతికి అంటకుండా ఆరేదాకా దాని మీద మరో నూనె పొర వేయడం లేదు. కింది పొర కంటే పై పొరలో నూనె ఎక్కువ ఉండాలన్న నియమం ఇక్కడ కొంచెం చిక్కుపెడుతుంది, ఎందుకంటే నూనె పొర మీద మళ్లీ టెంపెరా వేస్తాం. ఆ టెంపెరాలో నూనె పాలు ఉండడమూ, అతి సన్నని గీతలుగా మాత్రమే వేయడమూ దీనికి పరిష్కారం. నూనె పొర కొద్దిగా జిగటగా ఉన్నప్పుడు టెంపెరా వేస్తే గీత పట్టుకుని నిలుస్తుంది. పూర్తిగా ఆరాక వేస్తే బొట్లుబొట్లుగా విరిగిపోతుంది.

ముఖానికి విరిడియన్ అనే ఆకుపచ్చ, కావి, తెలుపు కలిసిన పలుచని పచ్చ పొర మొదట, దాని మీద లేత మాంసపు రంగు. కనురెప్పల అంచున, ముక్కుపుటాల దగ్గర, చెవి మడతలో మాత్రమే ఎరుపు. సన్నని ముదురు పెదవులను అంచు కత్తిరించినట్టు ఉంచాలి. మెత్తబరిస్తే ఆమె వెంటనే మరొకరవుతుంది. ముఖం మీద ఎక్కువ కాలం పట్టింది మోనకులే. దాని వెనుక ఉన్న కన్నూ, రెండో కన్నూ ఒకే విధంగా లేవు. కండరం బిగపట్టి అద్దాన్ని నిలబెట్టాలి కాబట్టి ఆ వైపు బుగ్గా, కనుబొమా కాస్త దగ్గరవుతాయి. ఆ చిన్న బిగింపు వల్లే ముఖానికి రెండు స్వభావాలు వచ్చాయి. ఒకటి పరీక్షగా చూస్తుంది, మరొకటి అసలు చూడడమే లేదు. ఆ రోజుల్లో మోనకుల్ మగ అధికారుల, సంపన్నుల అలంకారం. బెర్లిన్ స్త్రీలలో కొందరు దాన్ని తీసి పెట్టుకోవడం చూసేవాళ్లకు ఒక ప్రకటన. డిక్స్ ఆ ప్రకటనను వేయడంతో ఆగకుండా, దాన్ని మోయడానికి ముఖం పడే శ్రమను కూడా వేశాడు.

చేతులకు వేసినన్ని పొరలు ఇంకెక్కడా వేయలేదు. ఎముక మీద చర్మం పలుచగా ఉన్న చోట చల్లని బూడిద రంగు, వేలిచివరల్లో గులాబీ, మడతల్లో కావి.

మే: మిగిలినవి

బల్ల, గ్లాసు, అగ్గిపెట్టె త్వరగా అయిపోయాయి. పాలరాతి చారలను తడి రంగులో ఈకతో లాగితే చాలు. గ్లాసుకు మూడు నాలుగు వెలుగు చుక్కలు తప్ప ఏమీ అక్కర్లేదు.

జారిన మేజోడు మీద మాత్రం ఆగాను. అంత జాగ్రత్తగా జుట్టు కత్తిరించుకుని, మోనకుల్ బిగించుకుని, అందరికీ కనబడే చోట కూర్చున్న మనిషి మేజోడు జారడం వెక్కిరింపే అని చాలామంది నిర్ధారణ. వేస్తుంటే నాకు వేరే సంగతి తోచింది. చిత్రంలో చదునుగా లేని వస్త్రం అదొక్కటే. ముడతలు పడ్డ చోట వెలుగు, నీడ, దాని కింద చర్మం, అన్నీ మెత్తగా ఉన్నాయి. మిగిలినదంతా ఆమె లోకానికి చూపదలచినది. మేజోడు ఒక్కటీ ఆమె చూసుకోనిది, అందుకే డిక్స్ అక్కడ కుంచెను మెత్తబరిచాడు.

ఇప్పటికి రంగు పని పూర్తయింది. నూనె పొరలు లోపలిదాకా ఆరడానికి కనీసం ఆరు నెలలు ఆగి, ఆ తరువాతే తుది వార్నిషు వేస్తాను. అంతదాకా దుమ్ము పడకుండా, గాలి ఆడేలా, గోడ వైపు తిప్పి నిలబెట్టాను. డిక్స్ 1969లో మరణించాడు కాబట్టి చిత్రం మీద హక్కులు ఇంకా చెల్లుతాయి. ఇది అమ్మకానికీ ప్రదర్శనకూ కాదు. పలక వెనుక చెరగని సిరాతో ‘డిక్స్, 1926 చిత్రానికి సగం కొలత అభ్యాస నకలు’ అని రాసి, వాడిన రంగుల పేర్లూ, టెంపెరా పాళ్లూ, అలిజరిన్‌కు బదులు వాడిన క్వినాక్రిడోన్ సంగతీ దాని కిందే రాశాను. వర్షాకాలంలో తేమకు పలక ఏమైనా వంగుతుందేమో నెలకొకసారి స్కేలు ఆనించి చూసి, ఆ కొలతను ఈ డైరీలోనే నమోదు చేస్తాను.